టాలెమీ పటమున ఓరుగల్లు, త్రిలింగము : ఒక పునర్విమర్శ

ప్రాచీన పాశ్చాత్యుల పటములయందు మన యూళ్ల పేర్లను పోలిన పేర్లు కనబడినప్పుడు మనకు సంతోషము కలుగుట సహజము. రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున కూర్చుండి లోకమునంతయు అంకెలలో నిమిడ్చిన ఒక గ్రీకు పండితుడు మన పల్లెను ఎరిగియుండెనన్న తలంపు ఏ దేశభక్తునికైనను పులకింత కలిగించును. కాని పరిశోధకుని పని ఆ పులకింత తీరిన పిమ్మట ఆరంభమగును. పోలికను చూచుట వేరు, గుర్తింపును స్థాపించుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న దూరమును మన చరిత్ర గ్రంథములును, భాషాచరిత్రలును పలుమారు ఒక్క దాటున దాటినవి. అట్టి దాటులలో రెంటిని ఇచ్చట పరీక్షింపదలచితిని. మొదటిది, టాలెమీ పేర్కొనిన కొరుంగ్కల యను నగరము మన ఓరుగల్లేయనుట. రెండవది, అతడే పేర్కొనిన త్రిలింగన్ అను రాజధాని మన త్రిలింగదేశమేయనుట.

ఈ రెండు వాదములును ఒకే భూభాగమునకు సంబంధించినవి. ఓరుగల్లును చుట్టియున్న పూర్వపు వరంగల్లు జిల్లా 2016 అక్టోబరు 11వ తేదీన పలు జిల్లాలుగా విభజింపబడినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు అట్లేర్పడినవే. పొరుగు జిల్లాలనుండి కొన్ని మండలములును వీనిలో చేరినవి. త్రిలింగములలో ఒకటిగా ప్రసిద్ధమైన కాళేశ్వరము నేడు భూపాలపల్లి జిల్లాలోనిది. కావున ఈ విచారణకు ఆధారమగు నేల దూరమునలేదు. ఈ మూడు జిల్లాల విద్యార్థులు నడచి చూడగలిగినంత దగ్గరనే యున్నది.

ముందుగా మనము టాలెమీ పటమని పిలుచునది ఏదియో తెలిసికొనవలెను. క్రీస్తుశకము 150 ప్రాంతమున టాలెమీ రచించిన భూగోళ గ్రంథము ప్రధానముగా ఒక పేర్ల పట్టిక. సుమారు ఎనిమిదివేల స్థలనామములకు అందు అక్షాంశ రేఖాంశములు ఈయబడినవి. ఏడవ సంపుటమున మొదటి అధ్యాయము గంగకు ఈవలి భారతమును, రెండవ అధ్యాయము గంగకు ఆవలి భారతమును వర్ణించుచున్నవి. టాలెమీ స్వహస్తముతో గీసిన పటమేదియు నేడు లేదు. పటములతో కూడిన గ్రీకు వ్రాతప్రతులలో ప్రాచీనమైనవి పదమూడవ శతాబ్దపు చివరి భాగమునకు చెందినవి. పదునైదవ శతాబ్దపు తొలి దశకమున ఈ గ్రంథము లాటిను భాషకు పరివర్తితమైనది. 1477లో బొలోన్యా నగరమునను, 1482లో ఉల్మ్ నగరమునను పటములతో అచ్చయినది. 1578లో మెర్కేటరు తన ముద్రణము వెలువరించినాడు. నేడు గ్రంథాలయములలోను, గోడలమీదను, అంతర్జాలమునందును మనము చూచు రంగుల పటములన్నియు ఈ తరువాతివారి చేతి పనియే. అందలి కొండల రూపము, నదుల మెలికలు, నగరములకు గీసిన కోటబురుజులు చిత్రకారుని ఊహలు. టాలెమీవి అంకెలును, పేర్లును మాత్రమే. ఆ పేర్లైనను పలువురు లేఖకుల చేతులలో పడి మారుచు వచ్చినవి.

ఈ అంకెలు ఎట్లు వచ్చినవో గూడ గమనింపవలెను. టాలెమీ భారతదేశమునకు వచ్చినవాడు కాడు. తనకు పూర్వుడగు తూరు నగరవాసి మారినసు గ్రంథమును, నావికుల నోటి మాటలను, వర్తకుల ప్రయాణదినముల లెక్కలను ఆధారము చేసికొని దూరములను భాగలుగా మార్చినాడు. భాగకు ఐదువందల స్టేడియములని గ్రహించుటచే అతని భూమి చిన్నదైనది, దేశములు తూర్పుపడమరలుగా సాగిపోయినవి. అన్నిటికంటె మనకు ముఖ్యమైన దోషమేమనగా, అతని పటమున దక్షిణాపథ ద్వీపకల్పము లేదు. కన్యాకుమారి నుండి గంగాముఖము వరకు గల తీరము ఉత్తరముగా ఎక్కవలసినది పోయి, ఇంచుమించు తూర్పునకే సాగినది. సింహళము మాత్రము మిక్కిలి పెరిగి పెద్ద భూఖండమువలె నిలిచినది. ద్వీపకల్పము ఇట్లు అణగిపోగా, లోనాటి నగరములకు ఉండవలసిన చోటు లేకపోయినది. కావున లోనాటి యూరికి అతడిచ్చిన అక్షాంశమును నేటి పటముపై పెట్టి చూచి, ఇదిగో దొరకెననుట కుదరదు. తీరమున నావికుని వరుస మనకు తోడ్పడును. లోనాట ఆ తోడును లేదు.

ఇంత దోషముండియు టాలెమీ సాక్ష్యము కొట్టివేయదగినది కాదు. అది ఎచ్చట నిలుచునో చూచిన, ఎచ్చట నిలువదో తెలియును. తెలుగు తీరమును అతడు మైసోలియా యనెను. మైసోలస్ అను నదీముఖమును అచ్చట చెప్పెను. అది కృష్ణయని పలువురును, గోదావరియని కొందరును తలంచిరి. ఆ తీరమున కొంటకొస్సిల యను వర్తకస్థానమును, కొడ్డూర, అల్లోసిగ్నె యను రేవులను, సువర్ణభూమికి పోవు నావలు తీరము విడుచు చోటును వరుసగా పేర్కొనెను. ఇందు కొంటకొస్సిల నేటి కృష్ణాజిల్లాలోని ఘంటసాలయని నేడెల్లరును అంగీకరింతురు. ఎందువలన? రెండు పేర్లును వినసొంపుగా కలియుటచేత కాదు. నాగార్జునకొండయందు ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలమున బోధిసిరి యను ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనమున కంటకసెల యందలి మహాచైత్యము ప్రస్తావింపబడినది. వోగెల్ పండితుడు ఆ శాసనమును ప్రకటించుచు ఈ సంబంధమును చూపెను. ఘంటసాలలో దొరకిన ప్రాకృత శాసనములు దానిని బలపరచినవి. బౌద్ధస్తూపము, రేవు, శాసనము, గ్రీకు పేరు, ఈ నాలుగును ఒక్కచోట కూడినవి. టాలెమీకిని ఆ శాసనమునకును నడుమ నూరేండ్లకు మించి హెచ్చు దూరము లేదు.

మైసోలుల రాజధానిగా చెప్పబడిన పిటుండ్రయు ఇట్టిదే. ఖారవేలుని హాథిగుంఫా శాసనమున పిథుండమను నగరము కనబడుచున్నది. జైనుల ఉత్తరాధ్యయన సూత్రమునను ఆ పేరు కలదు. సిల్వాఁ లెవీ ఈ మూటిని కలిపి చూపెను. ఆ నగరము నేల మీద ఏ చోటనున్నదన్న వివాదము వేరు. అట్టి పేరుగల నగరమొకటి తూర్పు తీరమున ప్రసిద్ధమై యుండెననుటలో సందేహము లేదు. ఇక పడమట బైఠన నగరమును టాలెమీ సిరో ప్టొలెమైయొస్ అను రాజుయొక్క రాజధానిగా చెప్పెను. ప్రతిష్ఠానమును, శ్రీ పుళుమావియును ఇట్లు ఒకే వాక్యమున గ్రీకు వేషముతో నిలిచిరి. ఊరును, రాజును, కాలమును సరిపోయినవి. ఇట్టి చోట్ల టాలెమీ మనకు అమూల్యమైన సాక్షి. సాక్షికి తోడు మరియొక సాక్షి ఉండుటయే ఇందలి రహస్యము.

ఇప్పుడు కొరుంగ్కలను చూతము. మైసోలుల లోనాటి నగరములుగా టాలెమీ కల్లిగ, బర్దమాన, కొరుంగ్కల, ఫరిత్ర, పిటుండ్రలను చెప్పెను. ఇందు మూడవదానిని ఓరుగల్లుగా గుర్తించుట పందొమ్మిదవ శతాబ్ది నుండియు గ్రంథములలో కనబడుచున్నది. ఈ వాదమునకు గల బలమును మనము దాచరాదు. ఓరుగల్లునకు ప్రాచీన సాహిత్యరూపము ఓరుఁగల్లు. అందు అరసున్న కలదు. కల్లు శబ్దము రాతికి పేరు. నకారముపై పరుషమునకు సరళము రాగా కల్లు గల్లైనది. కొరుంగ్కలయందలి ఉంగ్కల యను భాగము ఈ రూపమునకు చాల దగ్గర. అరసున్న స్థానమున అనునాసికము, రాతికి చెల్లు కల శబ్దము రెండును కుదిరినవి. వినినవాడు మోహపడుట వింత కాదు.

కాని మొదటి కకారమునకు సమాధానమేమి? ఓరుఁగల్లు అచ్చుతో ఆరంభమగును. తెలుగున పదాదియందలి కకారము ఓకార ఒకారముల ముందు ఊరక జారిపోవుట కలదా? కొండ, కోట, కొలను, కోడి, కొమ్ము, వీనిలో ఏదియు తన కకారమును పోగొట్టుకొనలేదు. మన భాషలో పదాది ఒకారమునకు ఉచ్చారణమున చేరునది వకారము. ఒకటి వొకటి యగును, ఓడ వోడ యగును. ఆ దారినే ఓరుగల్లు అన్యుల నోట వరంగల్లైనది. 1309-10 దండయాత్రను వర్ణించిన అమీరు ఖుస్రో ఆ నగరమును అరంగల్ అని వ్రాసెను. ఓరుగల్లు నిశ్చయముగా ఉన్న కాలమున దాని పేరు వినిన అన్యభాషీయునకు కకారము వినబడలేదు. పదకొండు శతాబ్దములకు ముందు వినినవానికి మాత్రము వినబడెననుటకు ఆధారము చూపవలెను. గ్రీకున సముచ్చయార్థకమగు కై శబ్దము వ్రాయసకాని పొరపాటున పేరితో కలిసిపోయెనని ఎవరైన ఊహింపవచ్చును. అట్టి ఊహ వ్రాతప్రతుల పాఠాంతరములచే స్థాపితము కావలెను. ఊహను ఊహతో నిలుపరాదు.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ మరియొకటి కలదు. ఓరుగల్లు పేరునకు మనవారు చెప్పు వ్యుత్పత్తి ఒరు, కల్లు అను రెండు పదముల కూర్పు. ఒకే రాయి యని యర్థము. సంస్కృతమున ఏకశిలానగరము, ఏకోపలము అని దానిని పరివర్తించిరి. పేరులోని ఒరు శబ్దము సంఖ్యావాచకమైనచో దాని ముందు కకారము ఏనాడును ఉండజాలదు. పేరు ప్రాచీనముగా కొరుంగ్కలయైనచో ఏకశిల యను వ్యుత్పత్తి తరువాతి పండితుల కల్పన కావలెను. ఈ రెంటిలో ఒకదానిని స్వీకరించినవాడు రెండవదానిని విడువవలెను. కాని నగర చరిత్రను చెప్పు రచనలలో పలుమారు రెండును ఒకే పేజీయందు పక్కపక్కనే కనబడును. ఒకవైపు ఒంటిరాయి, మరియొకవైపు టాలెమీ. పరస్పరము విరోధించు సాక్షులను ఇద్దరిని పిలిచి ఇద్దరును మనవారేయనుట న్యాయస్థానమున చెల్లదు, పరిశోధనమునను చెల్లదు.

కాలముకూడ ఈ గుర్తింపునకు అనుకూలింపదు. కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ. రుద్రదేవుని 1163 నాటి వేయిస్తంభముల గుడి శాసనము అచ్చటిదే. ఓరుగల్లు రాజధానిగా స్థిరపడినది గణపతిదేవుని కాలమున. అంతకు ముందు చిన్న యూరుగా ఉండినను ఉండవచ్చును. కాని టాలెమీ నాటికి విదేశ వర్తకులకు తెలిసిన నగరముగా అచ్చట ఒక స్థలమున్నట్లు శాసనము చెప్పదు. కంటకసెలకు గ్రీకు పేరునకును శాసనమునకును నడుమ ఒక శతాబ్దము. ఇచ్చట వేయేండ్లు. ఆ వేయేండ్ల ఖాళీని ధ్వనిసామ్యముతో పూడ్చుట సాధ్యము కాదు.

ధ్వనిసామ్యమే ప్రమాణమైనచో ఎంతదూరము పోవచ్చునో చూతము. మహబూబాబాదు జిల్లాలో కురవి కలదు. తొమ్మిది, పది శతాబ్దుల నాటిదిగా పండితులెంచు తెలుగు గద్యశాసనమున దాని పేరు కొరవి. ముదిగొండ చాళుక్యుల చరిత్రకు అది ముఖ్యస్థానము. కొరుంగ్కలయందలి మొదటి కకారము, రేఫము, రెండును కొరవియందు కలవు. శాసన ప్రాచీనత ఓరుగల్లు కంటె హెచ్చు. కావున కొరుంగ్కల కొరవియేయని ఎవడైన వాదించిన, ఓరుగల్లు పక్షమువారు ఏమని ఖండింతురు? వకారమును గూర్చి ఆక్షేపింతురు. అప్పుడు కకారమును గూర్చిన ఆక్షేపణ వారికే తగులును.

మరియొక ఉదాహరణము. జనగామ నుండి సూర్యాపేటకు పోవు మార్గ సమీపమున ఫణిగిరి కలదు. అచ్చటి బౌద్ధస్థలమున జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకు రుద్రపురుషదత్తుని పదునెనిమిదవ రాజ్యవర్షపు శాసనము వెలువడినది. 2011లో దాని పాఠము ప్రకటితమైనది. ఆ ఫణిగిరికి పొరుగుననే వర్ధమానుకోట కలదు. ప్రాచీన బౌద్ధావశేషములు గల స్థలములలో అదియు ఒకటి. టాలెమీ చెప్పిన బర్దమాన వర్ధమానమునకు గ్రీకు రూపమనుటకు అభ్యంతరము లేదు. వకారమునకు బకారము, మహాప్రాణమునకు అల్పప్రాణము వచ్చుట గ్రీకు లేఖనమున సాధారణము. పేరు కలిసినది, కాలము ఇంచుమించు కలిసినది, స్థలము ప్రాచీనమైనది. కొరుంగ్కల ఓరుగల్లనుట కంటె బర్దమాన వర్ధమానుకోటయనుట నూరుపాళ్లు మెరుగైన వాదము. అయినను నేను దానిని సిద్ధాంతముగా ప్రతిపాదింపను. వర్ధమాన నామము దేశమంతట వ్యాపించినది. బెంగాలున బర్ద్వాను ఉన్నది. ఘంటసాల శాసనములలోనే వధమానాంతమైన పేరొకటి కనబడుచున్నది. వర్ధమానుకోటలో ఆ పేరు ఇక్ష్వాకుల నాటిదేయని తెలుపు శాసనవాక్యము చేతికి వచ్చువరకు అది మంచి ప్రశ్నయే కాని సమాధానము కాదు. ఫణిగిరి పరిసరములలో పని చేయు పరిశోధక విద్యార్థికి ఈ ప్రశ్నను అప్పగించుచున్నాను.

ఇక త్రిలింగము. ఇది భాషా నామమునకు సంబంధించినది గనుక తెలుగు శాఖలకు మరింత దగ్గరి విషయము. టాలెమీ ఏడవ సంపుటము రెండవ అధ్యాయమున త్రిగ్లిప్టన్ అను రాజధానిని చెప్పి, దానికి త్రిలింగన్ అనియు పేరు కలదనెను. అచ్చటి కోళ్లకు గడ్డములుండుననియు, కాకులును చిలుకలును తెల్లనివనియు వినికిడిని చేర్చెను. గ్రీకున త్రిగ్లిప్టన్ అనగా మూడు చెక్కడములు గలది. లింగ శబ్దమునకు గుర్తు, చిహ్నము అను అర్థముండుటచే, ఎవరో త్రిలింగ శబ్దమును అర్థమెరిగి పరివర్తించిరని తోచును. ఈ వాదమునకు ఇదియే ప్రాణము. ఒట్టి ధ్వనిసామ్యము కాక అర్థసామ్యముకూడ ఉన్నది. దీనికి తోడుగా రోమను గ్రంథకర్త ప్లినీ గంగలోని ఒక ద్వీపమున మోదొగలింగ యను జాతిని చెప్పెను. 1816 నాటి తెలుగు వ్యాకరణమున క్యాంబెల్ ఇందలి మోదొగను మన మూడు శబ్దముగా వ్యాఖ్యానించెను. కాల్డ్వెల్ తన ద్రావిడ భాషా వ్యాకరణమున దానిని చర్చించెను. అప్పటినుండి టాలెమీ, ప్లినీలు తెలుగు నామ చర్చలో ఇద్దరు పెద్దమనుషులవలె కూర్చుండిరి.

కాని పటమును విప్పి చూడుడు. అచ్చు పటములలో గంగకు ఈవలి భారతము ఆసియాఖండపు పదియవ పటము. గంగకు ఆవలి భారతము పదునొకండవ పటము. మైసోలియా పదియవ పటమున కలదు. త్రిలింగన్ పదునొకండవ పటమున కలదు. రెండును వేరు వేరు కాగితములు. టాలెమీ తెలుగు తీరమును రేవు వెంట రేవుగా ఎరుగును. లోనాటి ఐదు నగరముల పేర్లు ఎరుగును. ఆ దేశమునకు అతడు వినిన పేరు మైసోలియా. ఆ దేశపు పేరే త్రిలింగమైనచో, ఆ పేరును అతడు సముద్రము దాటించి గంగకు తూర్పున ఏల పెట్టెను? అతని పటము వక్రమనుట నిజమే. కాని వక్రపటమునకును ఒక క్రమము ఉండును. తీరమంతయు తూర్పునకు జరిగినచో అంతయు కలిసి జరుగును. ఒక్క పేరు మాత్రము తన బంధువులను విడిచి ఒంటరిగా ఎగురదు. దానిని మరల మన నేలకు తీసికొని రాదలచినవారు, అది ఎట్లు పోయినదో ముందు చెప్పవలెను. ప్లినీ చెప్పినదియు గంగాద్వీపమే కాని గోదావరీతీరము కాదు. అదే ప్లినీ ఆంధ్రులను వేరుగా పేర్కొని, వారికి ప్రాకారములుగల ముప్పది పట్టణములును, లక్ష కాల్బలమును, రెండువేల గుఱ్ఱములును, వేయి ఏనుగులును గలవనెను. రోమనుల మార్గపటమున పదమూడవ శతాబ్దపు తొలినాటి ప్రతియొకటి వియన్నాయందు కలదు. అందును ఆంధ్ర నామము వ్రాయబడియున్నది. మనవారిని గూర్చి పాశ్చాత్యులు వినిన జాతి నామము ఇది. త్రిలింగము కాదు.

మన గ్రంథములయందలి త్రిలింగ శబ్దమును చూచినను ఇదే తేలును. శ్రీశైలము, కాళేశ్వరము, దాక్షారామము అను మూడు శివక్షేత్రములచే దేశమునకు త్రిలింగనామము కలిగెనను భావము విద్యానాథుని ప్రతాపరుద్రీయమున స్పష్టముగా కనబడుచున్నది. అది కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థాన గ్రంథము. 1656 నాటి అప్పకవీయము ఆ భావమునే లాక్షణికులకు అందించినది. 1358 నాటి శ్రీరంగము తామ్రశాసనము తిలింగదేశపు ఎల్లలను చెప్పుచున్నది. నన్నయ మాత్రము పదునొకండవ శతాబ్దమున తెనుగు అనెను. తెనుగు, తెలుగు రూపములు ముందు, మూడు లింగముల వివరణము తరువాత అని మన సాక్ష్యముల వరుస చెప్పుచున్నది. సి. పి. బ్రౌను దొర ఈ వ్యుత్పత్తిని నమ్మలేదు. చిలుకూరి నారాయణరావుగారును, గంటి జోగి సోమయాజిగారును తమ భాషాచరిత్రలలో ఈ నామములను విపులముగా చర్చించిరి. టాలెమీ పేరితో ఈ చర్చను ముగించుట ఇంక సాధ్యము కాదని చెప్పుటయే నా యుద్దేశము. తెలుగు శబ్దము త్రిలింగభవమా కాదా యన్నది తెలుగు ధ్వనిపరిణామమును బట్టి, తెలుగు శాసనములను బట్టి తేలవలసిన విషయము.

అయితే త్రిలింగ భావన నిరర్థకమా? కాదు. అది రెండవ శతాబ్దపు సాక్ష్యము కాకపోయినను కాకతీయ యుగపు గొప్ప సాక్ష్యము. గోదావరీ ప్రాణహితల సంగమమున కాళేశ్వరము, కృష్ణాతీరమున శ్రీశైలము, గోదావరీ పాయల నడుమ దాక్షారామము. ఈ మూటిని కలిపి ఇది మన దేశమనుట ఆనాటి వారు మనసున గీసికొనిన పటము. దానినైనను కొలతపటముగా చదువరాదు. మూడు క్షేత్రములను నేటి పటముపై సరళరేఖలచే కలిపి చూడుడు. మహబూబాబాదు త్రిభుజము లోపల పడును. ఓరుగల్లు ఇంచుమించు కాళేశ్వర శ్రీశైల రేఖపైననే నిలుచును. జనగామ పట్టణమును, దానికి సమీపమునగల కొలనుపాకయును రేఖకు పడమట, త్రిభుజమునకు వెలుపల పడును. పాల్కురికి సోమనాథుని యూరుగా పేరొందిన పాలకుర్తి రేఖ అంచున నిలుచును. జాను తెనుగును కొనియాడిన ఆ కవి నేల తెలుగుదేశమునకు పొలిమేరయనియు, కొలనుపాక అన్యదేశమనియు ఎవ్వరు చెప్పగలరు? కావున త్రిలింగములు ఎల్లరాళ్లు కావు. దేశమునకు పవిత్రత చేకూర్చిన స్థానములు. కాళేశ్వరమున ఒకే పానవట్టముపై కాళేశ్వర ముక్తేశ్వరులు రెండు లింగములుగా వెలసిరి. లెక్కకు మాత్రమే చూచువానికి అచ్చటనే త్రిలింగము చతుర్లింగమగును. భక్తుని లెక్క వేరు, భూమాపకుని లెక్క వేరు. విద్యానాథుని భావమును టాలెమీ అంకెలతో ముడివేయుట ఈ రెండు లెక్కలను కలగలుపుటయే.

పటములు పేర్లనెట్లు పట్టుకొనునో, ఎట్లు జారవిడుచునో తెలిసికొనుటకు రెండువేల యేండ్లు వెనుకకు పోనక్కరలేదు. మహబూబాబాదు పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేర వచ్చినది. పటములయందును, రైలు నిలయమునందును ఆ పేరే కలదు. చుట్టుప్రక్కల జనులు నేటికిని మానుకోట యందురు. దూరదేశ వర్తకుడు రైలు నిలయమున దిగి పేరు వ్రాసికొనిన ఒకటి వ్రాయును. సంతలో వినిన వేరొకటి వ్రాయును. రెండునూ నిజమే. ఈ రెండు పేర్లకును నడుమ చెప్పదగిన ధ్వనిసంబంధము లేదు. వేయేండ్ల తరువాతి పరిశోధకుడు ధ్వనిసామ్యమును నమ్మినచో వీనిని రెండూళ్లనును. జనగామ జైనగామమని చెప్పు ఐతిహ్యము కలదు. కొలనుపాక జైనక్షేత్రము సమీపమున ఉండుటచే అది నమ్మదగినట్లు తోచును. అయినను పాత శాసనరూపము చూపువరకు అదియు ఐతిహ్యమే. పొరుగు ఐతిహ్యము విషయమున మనము చూపు ఈ జాగ్రత్త, గ్రీకు పేరు కనబడగానే ఏల సడలవలెను?

జాగ్రత్తకు ప్రతిఫలము ఉండదని నిరాశ వలదు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు శాసనము ఇందుకు నిదర్శనము. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ త్రవ్వించిన ధర్మకీర్తిసముద్రము గట్టున నిలిచిన ఆ శాసనము కాకతీయుల వంశక్రమమును వెన్నరాజు మొదలుకొని చెప్పుచు, అతడు కాకతి యను పురమున ఏలుటచే అతని వంశ్యులు కాకతీశులైరని తెలుపుచున్నది. అంతకు ముందు కాకతి నామమును గూర్చి గుమ్మడియనియు, దేవతయనియు ఎన్ని ఊహలు సాగినవో విద్యార్థులెరుగుదురు. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి శాసన పరిశోధకుల కృషి చేత ఆ చర్చకు గట్టి ఆధారము లభించినది. ఒక పల్లెటూరి చెరువుగట్టు రాయి ఇచ్చిన ఈ సాక్ష్యమునకు సాటియగునది ఐరోపా గ్రంథాలయములలోని ఏ రంగుల పటమునందును లేదు.

ఇంతవరకు చెప్పినదానిని సంగ్రహింతును. ప్రాచీన పాశ్చాత్య పటమునందలి పేరును మన యూరితో కలుపదలచినవాడు మూడు ప్రశ్నలకు బదులీయవలెను. ఆ పేరు ఆ కాలమునకు సమీపమున మన శాసనముననో గ్రంథముననో కలదా? రెండు రూపములకును నడుమనున్న ధ్వనిభేదము తెలుగు, ప్రాకృత, గ్రీకు లేఖన నియమములకు లోబడునా? ఆ పేరు చుట్టునున్న ఇతర నామములతో కూడ కలిసి కదలునా? కొంటకొస్సిల మూటికిని నిలిచినది. పిటుండ్ర పేరు నిలిచినది, చోటు నిలువవలసియున్నది. బర్దమాన రెండవ ప్రశ్నకు నిలిచి మొదటిదానికి వేచియున్నది. కొరుంగ్కల మొదటి రెంటికి తప్పినది. త్రిలింగన్ మొదటిదానికిని, మూడవదానికిని తప్పినది. తరగతిలో ఓరుగల్లు ప్రాచీనతను చెప్పునప్పుడు టాలెమీని విడిచిపెట్టుడు. ఏకశిలయు, అనుమకొండ శాసనమును చాలును. తెలుగు నామ నిర్వచనమున టాలెమీ త్రిలింగమును ప్రమాణవాక్యముగా కాక, పూర్వపక్షముగా మాత్రమే చెప్పుడు.

టాలెమీ పటమున మన లోనాడు ఇంచుమించు ఖాళీగా ఉన్నదని చిన్నబోవలసిన పని లేదు. ఆ ఖాళీ అతని వార్తాహరుల హద్దు, మన నేలయొక్క హద్దు కాదు. ఫణిగిరి, కురవి, బయ్యారము, కాళేశ్వరము ఆ ఖాళీని తమంత తామే పూరించుచున్నవి. ఇంకను చదువబడని రాళ్లు ఈ జిల్లాల చెరువుగట్లపైనను, గుడి ప్రాకారములందును ఉండకపోవు. వానిని చదివి ప్రకటించుటయే ఆ పటమునకు మనము చేయవలసిన సవరణ.